ప్రేమకి ముగ్గురు సాక్షులు కావాలి

"భయాన్ని వదిలెయ్, ప్రేమని ఎంచుకో." ఈ మధ్య ఈ మాట వినపడని చోటు లేదు. రీల్సులో ఉంది, ఆఫీసుల్లో శుక్రవారం సాయంత్రం పెట్టే సెషన్లలో ఉంది, పుస్తక ప్రదర్శనలో కవిత్వం బల్ల పక్కనే గుట్టలు పోసిన అనువాదాల్లో ఉంది. వినడానికి బానే ఉంటుంది. నా తగువల్లా ఒక్కటే. ఏ భయం? ఎవరు పెట్టిన భయం? అది అడక్కుండా అన్ని భయాల్నీ ఒకే గంపలో వేసి, అవన్నీ నీ బుర్రలోనే పుట్టాయనీ, ఊపిరి సరిగ్గా పీల్చుకుంటే పోతాయనీ చెప్పడం ఒకరకం మోసం అంటాను.

మాది గూడూరు. నెల్లూరు వైపు గూడూరు కాదు, బందరు పక్కనున్నది. మా వైపు నవంబరు నెలకి ఒక భయం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. ఆ లెక్కని పూర్తిగా నమ్మేవాళ్ళు మా వైపు తక్కువ. నేను పుట్టకముందు సంగతి. అయినా రేడియోలో, తర్వాత టీవీలో, "వాయుగుండం" అన్న మాట వినపడితే చాలు, మా మామ్మ బియ్యం డబ్బా అటకెక్కించేసేది. గొడ్ల పలుపులు విప్పించేది. "కట్టేసినయ్యే ముందు పోయినయ్యిరా" అనేది. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి "భయం ఒక భ్రమ మామ్మగారూ" అంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

1990 మే నెలలో మళ్ళీ అంతటి తుఫానే మా తీరం దాటింది. ఈసారి పోయినవాళ్ళు 1,000 లోపు. అది కూడా తక్కువేం కాదు, కానీ 1977 పక్కన పెట్టి చూడండి. ఆ పదమూడేళ్ళలో సముద్రమేమీ మెత్తబడలేదు. జనం భయాన్ని ప్రభుత్వం పట్టించుకుంది, అంతే. తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక ముందే ఊరికి చేరే ఏర్పాటు చేశారు, లక్షలమందిని గాలి మొదలవకముందే తీరం నుంచి తరలించారు. నన్నడిగితే ప్రేమకి అంతకంటే మంచి ఉదాహరణ మా జిల్లాలో దొరకదు. భయపడ్డవాడికి ఎవరో లారీ పంపారు.

ఇక రెండో రకం. దయ్యం, గ్రహణం, దిష్టి, పక్కింటివాడి కులం. ఇవి సముద్రంలోంచి రాలేదు, మనం నేర్పించుకున్నవి. వీటి విషయంలోనూ మన వ్యక్తిత్వ వికాసం ఒంటరి మనిషినే పట్టుకుంటుంది. ఎనభైల్లో 'తులసిదళం' అనే చేతబడి నవలతో రాత్రిళ్ళు జనం చేత దీపం ఆర్పనివ్వని యండమూరి వీరేంద్రనాథ్‌గారే తర్వాత 'విజయానికి ఐదు మెట్లు' రాశారు. రెండూ విపరీతంగా అమ్ముడుపోయాయి. మొదటిదాని మీద రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే వేశారు. రెండోదాని మీద కూడా ఎవరో ఒకరు అంత కోపం తెచ్చుకోవాల్సింది. (చదివించే గుణం మీద నాకేం ఫిర్యాదు లేదు. ఇంటర్లో రెండూ ఒక్క బిగిన చదివాను.) ఒకదాంట్లో చీకట్లో ఒక్కడివే వణకాలి, ఇంకోదాంట్లో నీ గదిలో ఒక్కడివే గెలవాలి. పక్కన మనిషి ఉండడు.

పక్కన మనిషి ఉండే దారి ఒకటి మా వైపు ఎప్పుడో వేశారు. గూడూరులో విజయవాడ బస్సెక్కితే పామర్రు తర్వాత ఉయ్యూరు వస్తుంది, దానికి దగ్గర్లో ముదునూరు. నాస్తికత్వం వల్ల కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో అదీ వదిలేసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుడున్నాడా లేడా అన్నది ఇక్కడ నా గొడవ కాదు. పదేళ్ళకే పెళ్ళయిన సరస్వతి గోరా కడుపుతో ఉండి గ్రహణం చూశారు. దయ్యాలున్నాయన్న ఇంట్లో ఆ దంపతులు కాపురం పెట్టారు. అన్ని కులాలవాళ్ళనీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. ఇవన్నీ నలుగురూ చూస్తుండగా చేసిన పనులు. గర్భిణి గ్రహణం చూసి, పండంటి బిడ్డని కంటే, ఆ వీధిలో ఇంకో గర్భిణికి భయం సగం పోతుంది. ఆవిడ తన గదిలో కూర్చుని "నాకు భయం లేదు" అని రోజూ నూటెనిమిదిసార్లు రాసుకుని ఉంటే ఎవరికి పోయేది?

అసలు కథ పెళ్ళిళ్ళ దగ్గర. గోరా కూతురు మనోరమకీ, దళితుడైన అర్జునరావుకీ తన ఆశ్రమంలో పెళ్ళి జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. అంతలో ఆయన్ని చంపేశారు. 1948లో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్ళి అయింది. 1960లో కొడుకు లవణం, జాషువాగారి అమ్మాయి హేమలతని చేసుకున్నారు. 'గబ్బిలం' కవి కూతురు. పుట్టుకతోనే దొంగలని సర్కారు ముద్ర వేసిన స్టువర్టుపురం జనం మధ్యకి వెళ్ళి ఏళ్ళ తరబడి పనిచేసింది కూడా ఈ హేమలతా లవణంగారే. ఇంకో కొడుకు మీకందరికీ తెలుసు. 'స్వాతి'లో డాక్టర్ సమరం. తెలుగు కుర్రాళ్ళ భయాలు ఎన్ని వేల కొద్దీ ఆ జవాబులతో తీరిపోయాయో! మన సాహిత్య చరిత్రకారులు దానికి ఒక పేరా అయినా కేటాయించాలి.

మరి మనసు లోపలి పని అక్కర్లేదా అంటారు. అక్కర్లేదనను. నిద్రపట్టనివాళ్ళు, గుండెదడతో బాధపడేవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ మనిషి భయానికి ఊళ్ళో ఉన్న కారణాన్ని మాయం చేసేవాళ్ళతో.

పోయినేడు హైదరాబాదులో అలాంటి సెషన్ ఒకదానికి వెళ్ళాను. నలభైమందిమి. కళ్ళు మూసుకుని చిన్నప్పటి మనల్ని మనమే కౌగిలించుకోమన్నారు. ఒకమ్మాయి లేచి చెప్పింది. మా జిల్లా అమ్మాయే. నాలుగేళ్ళ ప్రేమ. అబ్బాయి దళితుడు, వాళ్ళింట్లో చర్చికి వెళ్తారు. తన ఇంట్లో చెప్పాలంటే కాళ్ళు వణుకుతున్నాయంది. "ముందు మీ నాన్నగారిని క్షమించండి. ప్రేమ ఉన్నచోట భయం ఉండదు" అన్నారు ట్రైనర్‌గారు. అందరూ చప్పట్లు కొట్టారు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే నరికి చంపారు. ఆ కేసులో మొదటి నిందితుడు ఆమె కన్నతండ్రి. 2025లో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హాల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ పిల్లకి ఉన్నది తప్పుడు ఆలోచన అని ఎలా అనగలిగారో!

"కులం పట్టింపు లేదు, ఎస్సీ ఎస్టీలు మన్నించాలి" అని పెళ్ళి ప్రకటనలు ఇచ్చే సమాజం మనది. ఇందులో భయం ఎవరిది? మన తరం తనని తాను ప్రేమించుకోవడం బాగా నేర్చుకుంది. అమ్మానాన్నలతో ఆ ప్రకటనలో రెండో సగం కొట్టేయించడం మాత్రం నేర్చుకోలేదు.

మతాలు వేరు కాబట్టి వాళ్ళిద్దరికీ మిగిలింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పేర్లూ చిరునామాలతో సహా దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. ఆ నెల రోజులూ ఆ అమ్మాయి తన ఉద్యోగానికి ఆటోలో రోజుకో దారిన వెళ్ళింది. గడువయ్యాక, పెళ్ళినాడు ముగ్గురు సాక్షులు సంతకాలు పెట్టాలి. సెషన్ వాట్సాప్ గ్రూపులో అడిగితే పదిహేడు గుండె బొమ్మలు వచ్చాయి.

చివరికి హాస్టల్ స్నేహితురాలు ఒక సంతకం, అబ్బాయి వాళ్ళ బాబాయి ఒకటి, నేనొకటి. ఆధార్ జిరాక్సులు చాల్లేదన్నారు. ఆ బాబాయే పరుగెత్తాడు. తిరిగొచ్చి, జిరాక్సులు లోపలిచ్చి, సంచిలోంచి ఊరినుంచి తెచ్చిన బందరు లడ్డు డబ్బా తీశాడు. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీదే కూర్చుని, వేళ్ళకి నెయ్యంటుతుంటే, డబ్బా ఖాళీ చేశాం.