ఆ నది ఆకుపచ్చగా ఎందుకుంది?

అమెరికా వెళ్ళిన మన సీనియర్లలో ఎవరి ఇన్‌స్టా తెరిచినా హార్స్‌షూ బెండ్ ఫోటో ఒకటి తగులుతుంది. ఎర్రటి రాతి చుట్టూ గుర్రపు నాడాలా మెలిక తిరిగిన కొలరాడో నది, మూడొందల మీటర్ల దిగువన ఆకుపచ్చటి నీళ్ళు. కింద "ప్రకృతి గీసిన బొమ్మ" అని ఒక క్యాప్షన్. నా పేచీ ఆ క్యాప్షన్‌తోనే.

స్పానిష్‌లో కొలరాడో అంటే ఎర్రటిది. పేరుకు తగ్గట్టే ఒకప్పుడు ఆ నది ఒండ్రు మోసుకుంటూ ఎర్రగా పారేది. ఇప్పుడు కనిపించే ఆకుపచ్చ ప్రకృతిది కాదు, మా సివిల్ వాళ్ళది! ఫోటో దిగే చోటికి కారులో పది నిమిషాల దూరంలో 216 మీటర్ల ఎత్తున గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఉంది. 1963లో నీళ్ళు నిలపడం మొదలైన దగ్గర్నుంచి ఒండ్రంతా వెనకున్న పావెల్ సరస్సులోనే దిగిపోతోంది. కిందికొచ్చేది లోతులోంచి తీసిన చల్లటి, తేట నీరు.

పోయిన వేసవిలో అక్కా బావలతో లాస్ వెగాస్ నుంచి జయాన్, బ్రైస్, పేజ్ ఊరు మీదుగా గ్రాండ్ కాన్యన్ దాకా కారులో వెళ్ళాను. బ్రైస్ రాతి స్తంభాల కథ వేరే, దాన్ని వదిలేద్దాం. జయాన్‌లో నిట్టనిలువు గోడలు, పేజ్ దగ్గర యాంటిలోప్ కాన్యన్‌లో అలల్లాంటి గోడలు, హార్స్‌షూ బెండ్ అంచు, ఇవన్నీ ఒకే రాయి. పేరు నవాహో ఇసుకరాయి. సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట అదంతా ఎడారి. గోడల మీద ఏటవాలుగా కనిపించే గీతలు అప్పటి ఇసుక దిబ్బల పొరలు. గాలి ఎటు వీచిందో వాటిని చూసి చెప్పొచ్చు. డ్యామ్ రెండు వైపులా ఆనుకున్నదీ ఆ రాతినే.

అందుకే డ్యామ్ దగ్గర ఆగుదామన్నాను. "దానికి ఇంత దూరం రావాలా, మనకి సాగర్ లేదూ?" అన్నారు బావ. సాగర్ మాట ఆయనే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అక్కడ ఇక్ష్వాకుల విజయపురి మునిగేలోపు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలనైనా కొండ మీదికీ అనుపుకీ తరలించారు. లోయని ఎక్కడికి తరలిస్తారు? 1950లలో పర్యావరణవాదులు ఎకో పార్క్ దగ్గర తలపెట్టిన డ్యామ్‌ని ఆపగలిగారు, గ్లెన్ కాన్యన్ జోలికి మాత్రం పోలేదు. దాన్ని చూసినవాళ్ళే తక్కువ మరి. సియెర్రా క్లబ్ నాయకుడు డేవిడ్ బ్రోవర్ ఆ తర్వాత జీవితాంతం బాధపడ్డాడు.

నేను డ్యామ్‌లకు వ్యతిరేకిని కాను. ఇది 1320 మెగావాట్ల సామర్థ్యమున్న డ్యామ్, కరెంటు ఎవరికి చేదు? కానీ మనం ఎఫ్.ఎమ్.లో రెండు మార్కుల కోసం బట్టీపట్టే క్యావిటేషన్ ఇక్కడ ఏం చేసిందో చూడండి. 1983లో మంచు ఒక్కసారిగా కరిగి సరస్సు నిండిపోయింది. స్పిల్‌వే సొరంగాల్లో వేగంగా దూకే నీటిలో బుడగలు పేలి పేలి కాంక్రీటుని కొరికేశాయి. దాని వెనకున్న మెత్తటి ఇసుకరాయిలో దాదాపు పది మీటర్ల లోతు గొయ్యి పడింది. పైన నీళ్ళు పొర్లకుండా గేట్ల మీద ప్లైవుడ్ పలకలు నిలబెట్టారు. అవును, ప్లైవుడ్! రిపేరు చేసినప్పుడు సొరంగాల్లోకి గాలి వెళ్ళేలా గాడులు పెట్టారు.

2023 మొదట్లో సరస్సు పావు వంతు కూడా లేదు. మునిగిన పక్క లోయలు కొన్ని మళ్ళీ బయటపడ్డాయి. నీళ్ళు దిగిన మేర ఎర్ర గోడల మీద తెల్లటి పట్టీ మిగిలింది.

మీరు వెళ్తే యాంటిలోప్ టికెట్ బుక్ చేసిన రోజు ఒక గంట అదనంగా ఉంచుకోండి. డ్యామ్ పక్కనే వంతెన ఉంది, దాని మీద నడవొచ్చు. ఒక పక్క డ్యామ్, రెండో పక్క హార్స్‌షూ బెండ్ వైపు వెళ్ళే ఆకుపచ్చటి నీళ్ళు. మా బావ చివరికి దిగారు. ఆయన తీసిన ఫోటోలు నావి కంటే ఎక్కువే.