బలసాధన దేహాత్మబుద్ధి కాదు

దేహం అనిత్యమనీ, దానిని దృఢపరచుకోవాలనే యత్నం దేహాత్మబుద్ధికి లక్షణమనీ, కనుక ముముక్షువుకు వ్యాయామం విక్షేపమేననీ సత్సంగాలలో పదేపదే వింటున్నాం. అనంతపురం ప్రాంతపు యువకుడెవడైనా కెటిల్‌బెల్‌ను, అంటే పిడి గల భారీ ఇనుపగుండును, నిత్యం ఎత్తుతున్నానంటే చాలు, పెద్దల పెదవులపై ఒక పరిహాసం మెదులుతుంది. ఇది వేదాంతం కాదు. వేదాంత పరిభాష ధరించిన తమోగుణం. మోకాలి నొప్పికి తైలం పూసుకునే వేళ ఈ వైరాగ్యం ఎక్కడ దాగుతుందో వారే చెప్పాలి!

తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మానందవల్లిలో ఆనందమీమాంస ఎక్కడ ప్రారంభమైంది? యువకుడు, సాధువర్తనుడు, అధ్యయనపరుడు, దృఢకాయుడు, బలిష్ఠుడు అయినవానికి సంపత్పూర్ణమైన భూమి అంతా లభిస్తే కలిగే సుఖాన్నే శ్రుతి మానుషానందానికి ప్రమాణంగా గ్రహించింది. బ్రహ్మానందం వరకూ సాగే గణనకు తొలి మెట్టు అదే. పతంజలి మహర్షి సైతం కాయసంపత్తులో రూపలావణ్యాల వెంట బలాన్నీ, వజ్రసదృశమైన దృఢత్వాన్నీ చేర్చాడు. బలం హేయమైతే ఈ ప్రస్తావనలకు గతి ఏమిటి?

ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే ఈ క్షామపీఠభూమిలో బలం అలంకారం కాదు. వేరుశనగ మూట భుజానికెత్తే రైతుకూ, బోరు ఎండిపోతే దూరం నుండి బిందెలు మోసే ఇల్లాలికీ అది జీవనాధారం. రాయలసీమ పల్లెలలో పండుగనాడు రాతిగుండునూ, బండి ఇరుసునూ ఎత్తే పోటీలు ఈ జీవనం నుండి పుట్టినవే. గుంతకల్లు సమీపాన కసాపురంలో వెలసిన నెట్టికంటి ఆంజనేయుని వ్యాసరాయలవారు ప్రతిష్ఠించారని సంప్రదాయం. న్యాయామృతం వంటి ఉద్గ్రంథం రచించిన ఆ తార్కికశిఖామణికి బలస్వరూపుడైన దైవం అడ్డురాలేదు. వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారి, ప్రాణాయామపరుడు. కలియుగభీమునిగా లోకం కీర్తించిన ఆయన బలానికి నియమమే పునాది.

ఇక రెండవ పక్షం. ఆత్మ బలహీనునికి లభ్యం కాదన్న ముండకోపనిషద్వాక్యాన్ని వ్యాయామశాల గోడకెక్కించి మురిసేవారు శంకరభాష్యం చూడలేదు. అక్కడ బలమంటే ఆత్మనిష్ఠ వలన జనించిన వీర్యమని ఆచార్యులవారు స్పష్టంగా వ్యాఖ్యానించారు. కండరాల ప్రసక్తి లేదు. వాక్యాన్ని ఇనుముకు అతికించటం, దేహాన్ని తృణీకరించటం, రెండూ శాస్త్రానికి అపచారాలే.

రష్యాలో ధాన్యపు తూనికకు వాడిన పూదు అనే కొలత, అంటే సుమారు 16 కిలోలు, ఈ ఇనుపగుండ్లకూ కొలత అయింది. 48 కిలోల గుండు మూడు పూదులు. దానిని ఊపవలసినది తుంటి నుండి. నడుము వంచి చేతులతో లాగితే వెన్ను దెబ్బతింటుంది. పక్కవాడు ఎత్తాడన్న మాత్సర్యంతో 24 నుండి 48కి ఉరికేవాని విషయంలో గీత పదిహేడవ అధ్యాయం నిర్దాక్షిణ్యమైనది: దంభాహంకారాలతో శరీరాన్ని పీడించే తపస్సును భగవానుడు ఆసురమన్నాడు. కామరాగాలు లేని బలాన్ని మాత్రం తన స్వరూపమని ఏడవ అధ్యాయంలోనే చెప్పి ఉన్నాడు.

అందువలన పరిహసించే పెద్దలు ఆ యువకుణ్ణి అడగవలసినది ఎందుకు ఎత్తుతున్నావని కాదు. ఎన్నేళ్ల అభ్యాసంతో ఈ బరువుకు చేరావు, ఎత్తేవేళ శ్వాస నిలకడగా ఉందా, ఎవరూ చూడనినాడు కూడా ఎత్తుతున్నావా అని అడగాలి.