బండి ఇద్దరం ఎత్తుకెళ్లాం.. దొంగ మాత్రం వాడే!

తొమ్మిదో తరగతిలో నేను, నా దోస్తు కలిసి ఒక బండి ఎత్తుకెళ్లాం. జడ్చర్లలో బాదేపల్లి మార్కెట్ దగ్గర పత్తి సీజన్‌లో రద్దీ ఎట్లా ఉంటుందో తెలుసు కదా. ఓ రైతు బండికే తాళంచెవి వదిలేసి లోపలికి పోయాడు. హైవే మీద షాద్‌నగర్ వైపు కొంత దూరం పోయాక పెట్రోల్ అయిపోయింది. తోసుకుంటూ వెనక్కి వస్తుంటే దొరికిపోయాం.

మా మామ ఉరికొచ్చి, ఆ రైతు కాళ్లావేళ్లా పడి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. వీపు విమానం మోత మోగింది. అంతే, నా కథ అక్కడితో అయిపోయింది.

వాడి కోసం ఎవరూ రాలేదు. అమ్మానాన్న పుణెకు కూలి పనికి పోయారు. పాలమూరు వలస మనకు కొత్త కాదు. ఉన్నది ముసలి నాయనమ్మ ఒక్కతే. బడిలో వాడి పేరు ‘బండి దొంగ’ అయింది. ఎవరి పెన్ను పోయినా ముందు వాడి బ్యాగే దులిపేవారు. పదో తరగతి పరీక్షలు రాయలేదు. రెండేళ్లకు ఫోన్లు కొట్టేస్తూ నిజంగానే పట్టుబడ్డాడు.

ఒకటే వాడ, ఒకటే బెంచీ, ఒకటే తప్పు. మరి దారులెందుకు వేరయ్యాయి?

డిగ్రీలో సోషియాలజీ చదివినప్పుడు జవాబు వెతికాను. అందరికీ ఒకే కల చూపించి, అక్కడికి పోయే దారి కొందరికే ఇస్తే మిగతావాళ్లు అడ్డదారి పడతారని 1938లో రాబర్ట్ మెర్టన్ రాశాడు. కానీ మేమిద్దరం పేదోళ్లమే. నేరం కూడా దగ్గరివాళ్ల నుంచి నేర్చుకునేదే అన్నాడు సదర్లాండ్. మాకున్న సోపతి ఒకటే.

ట్రావిస్ హిర్షీ 1969లో ప్రశ్ననే తిరగేశాడు. కొందరు తప్పు ఎందుకు చేస్తారని కాదు, మిగతావాళ్లు ఎందుకు చేయరో అడగండన్నాడు. మనల్ని ఆపేది మనవాళ్లతో ఉన్న బంధం అంటాడు. నాకు మామ ఉన్నాడు. వాడికి ఆ రోజు ఎవరూ లేరు.

హోవార్డ్ బెకర్ 1963లో రాసింది చదివాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకసారి ముద్ర పడితే, మనిషి మెల్లగా ఆ ముద్రలాగే తయారవుతాడట. ‘బండి దొంగా’ అని వాణ్ని పిలిచిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మన 2015 బాల న్యాయ చట్టానికి ఈ సంగతి తెలుసు. పిల్లల కేసుల్లో ముద్ర వేసే మాటలు వాడొద్దంటుంది. కేసులో ఉన్న మైనర్ పేరు, ఫొటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దొరికిన పిల్లగాడి వీడియో గ్రూపులో పడితే మనం ఆలోచించకుండా ఫార్వర్డ్ చేస్తాం కదా, అదీ ఇందులోకే వస్తుంది.

పోయిన దసరాకు బస్టాండ్‌లో కనిపించాడు. చాయ్ తాగినం. పోయేటప్పుడు నవ్వుతూ అన్నాడు: “తాళం తిప్పింది నువ్వే కదరా?”

అవును, నేనే. ఆ మాట బడిలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నా.