నీరు రాకముందే రెండు సిద్ధపాట్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తినప్పుడు అనేక కుటుంబాలు రోజుల తరబడి మేడలపైనే చిక్కుకున్నాయి. చుట్టూ నీరే, త్రాగటానికి మాత్రం గుక్కెడు కరువు. మరెందరో పిల్లలను భుజాల కెత్తుకొని నీటిలో నడిచి బయటపడ్డారు. ఇంట్లో ఉండవలసి వస్తుందో, ఇల్లు విడవవలసి వస్తుందో ముందుగా చెప్పలేము. కనుక రెండింటికీ సిద్ధపడటం మన బాధ్యత. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలిసినదే.

ఇంట్లో ఉండేందుకు మొదటి అవసరం నీరు. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున ఐదుగురికి 3 రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు కావాలి. వాటిని వీలైనంత ఎత్తులో ఉంచాలి. పొయ్యి వెలిగించకుండా తినగల అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, ఖర్జూరాలు దాచుకోవాలి. త్రాగునీరే కొరత అయినప్పుడు వుజూకు బదులు తయమ్ముమ్‌కు షరీఅత్ అనుమతించింది. ఆ సౌలభ్యాన్ని వినియోగించుకొని పసివారి దాహం తీర్చాలి.

నడిచి వెళ్ళేందుకు వీపుకు తగిలించుకొనే సంచి ఒకటి చాలు. ఆధార్, రేషన్ కార్డు, నికాహ్‌నామా, ఇంటి పత్రాల నకళ్ళు ప్లాస్టిక్ కవరులో, వారానికి సరిపడా మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చిలైటు, ఈల, కొంత నగదు, నీళ్ళ సీసా అందులో ఉండాలి. ఫోను ఆగిపోవచ్చు కనుక బంధువుల నంబర్లు కాగితంపై వ్రాసుకోవాలి. సంచి సర్దిన తరువాత దానితో మసీదు దాకా నడిచి చూడండి. ఆయాసం వస్తే బరువు తగ్గించండి. దాదీని చేయిపట్టి నడిపించే మనవడి వీపున సంచి ఉండరాదు. ఎవరు ఎవరిని పట్టుకోవాలో నేడే నిర్ణయించండి. వెళ్ళమని అధికారులు చెప్పినప్పుడు చీకటి పడేదాకా ఆగకండి. పారే నీటిలో దిగకండి.

మరొక్క మాట. మగవారు పనులకు వెళ్ళిన వేళ కూడా వరద రావచ్చు. సంచి ఎక్కడుందో, మెయిన్ స్విచ్ ఎలా ఆపాలో, ఎటు నడవాలో ఇంటి స్త్రీలకు తెలియకపోతే ఈ ఏర్పాట్లన్నీ వృథా. కనుక వారితో కూర్చొనే వీటిని నిర్ణయించాలి. పొరుగున ఒంటరి వృద్ధులుంటే, వారు ఏ మతస్థులైనా, మన లెక్కలో వారినీ చేర్చుకోవాలి.

వచ్చే జుమాలోగా ఈ పని పూర్తి చేద్దాం. అల్లాహ్ మన ఇళ్ళను, మన పొరుగువారి ఇళ్ళను కాపాడుగాక! ఆమీన్.