టికెట్టు లేని కచేరీ

రామదాసు కథ పుణ్యమా అని తానీషా మనందరికీ తెలుసు. ఆ తానీషాకీ ఓ గురువున్నాడు. పేరు షా రాజు ఖత్తాల్. ఆయన దర్గా పాతబస్తీలో, ఫతే దర్వాజా దగ్గరి మిస్రీగంజ్‌లో ఉంది. చార్మినార్ చూసి, లాడ్ బజార్లో గాజులు బేరమాడి ఇంటిదారి పట్టేవాళ్లు అంతదూరం వెళ్లరు.

పాతబస్తీలో దర్గాలు ఎన్నో. మొక్కులకే అనుకుంటాం గానీ, ఈ ఊళ్లో పాటకి దొరికిన పాత వేదికల్లో అవీ ఉన్నాయి. ఉర్సు వస్తే చాలాచోట్ల ఖవ్వాలీ ఉంటుంది. ఆ సభని 'సమా' అంటారు. అంటే వినడం. చూశారా, పేరు పాడేవాడి పక్షాన లేదు, వినేవాడి పక్షాన ఉంది!

ఇంతకీ ఆ వేదిక ఎవరిది? దర్గా ఆస్తి సాధారణంగా వక్ఫ్. దేవుడి పేర రాసేశాక ఇక దాన్ని అమ్ముకోవడానికి లేదు. ముతవల్లీ బాగోగులు చూస్తాడంతే, యజమాని కాడు. మన గుడి మాన్యం లాంటిదే. అందుకే గుమ్మంలో టికెట్టు అడిగేవాడుండడు, మీదే కులమనీ అడగడు.

సభకి మాత్రం కట్టుబాట్లున్నాయి. చప్పట్లు కొట్టి మెచ్చుకోకూడదు. ఏదైనా చరణం దగ్గర ఎవరికైనా ఒళ్లు తెలియని పరవశం వస్తే, తేరుకునేదాకా ఖవ్వాలు ఆ చరణం వదలకూడదు. పదిసార్లయినా, వందసార్లయినా అదే పాడాలి. 1235లో ఢిల్లీలో ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ అనే సూఫీ, ఇలా ఒక్క పద్యానికే పరవశించి నాలుగోరోజున కన్నుమూశాడని చెప్పుకుంటారు. ఎనిమిదింటికి మొదలై పదింటికి ముగియాల్సిన హోటల్ ప్రోగ్రాంలో ఇది కుదిరే పనేనా?

అలాగని హోటల్లో పాడేవాళ్లని తప్పుపట్టలేం. దర్గాలో పాటకి స్వేచ్ఛ ఉంది గానీ పాడేవాడికి నెలజీతం లేదు. ఒకప్పుడు నవాబులుండేవారు. ఆఖరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ కొలువులో పాడిన తాన్‌రస్ ఖాన్, 1857 తర్వాత ఢిల్లీ చెల్లాచెదురయ్యాక, చివరికి హైదరాబాద్ నిజాం నీడకే చేరాడు. ఆ వంశంవాడే మన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మనవళ్లు నసీర్, నజీర్‌లు వార్సీ బ్రదర్స్‌గా పేరు తెచ్చుకున్నారు. పేరున్నవాళ్లకి పిలుపులొస్తాయి. పేరులేని బృందాల సంగతే కష్టం. పెళ్లిళ్లు, ఉర్సులు, అక్కడ రాలే నజరానా... అంతే ఆదాయం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దర్గాలు మూసేసినప్పుడు అదీ ఆగింది. వేదిక అందరిదీ అయినప్పుడు పాడేవాడి పొయ్యి ఎవరిదన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

వెళ్లాలనుంటే ఏ ఉర్సు రాత్రో వెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. చెప్పులు బయట విడిచి, తలకి రుమాలు కట్టుకోవాలి. ఆడవాళ్లు చాలాచోట్ల విడిగా కూర్చుంటారు, ముందే అడిగి తెలుసుకోవడం మేలు. భాష అర్థం కాకపోయినా డోలక్ అర్థమవుతుంది. నజరానా ఇవ్వాలనిపిస్తే తిన్నగా ఖవ్వాలు ముందు పడేయకండి. రెండు చేతులా సభ పెద్దకి అందించడం మర్యాద, ఆయన ద్వారా అది పాడేవాళ్లకి చేరుతుంది. ఒకరు లేచారంటే పక్కవాళ్లూ లేస్తారు. కాబట్టి జేబులో పదీ ఇరవై నోట్లు కాసిని ఎక్కువే ఉంచుకోండి.