ఓడకు ముందొక రాత్రి

ఓడ ప్రయాణమంటే మన ఇళ్ళల్లో ఇదివరకు రెండే మాటలు వినిపించేవి. సముద్రం దాటితే కులం పోతుందన్నది ఒకటి. రంగూను వెళ్ళిన చినతాతగారు మళ్ళీ తిరిగి రాలేదన్నది రెండోది. కాలం మారి ఆ రెండూ వెనకబడ్డాయి. ఇప్పుడు మూడో మాట వినిపిస్తోంది: "టికెట్లకే ఇంతయింది, పైన బసకి కూడానా!"

ఈ మూడో మాట మీదనే రాజమండ్రి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఇంట్లో అయిదుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన అత్తగారు. ముంబయి నుంచి గోవాకు వెళ్ళే విహారనౌకలో టికెట్లు కొన్నారు. రెండేళ్ళు చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు అది. అత్తగారు పెళ్ళయిన నాటి నుంచీ గోదావరి లాంచీ తప్ప మరో పడవ ఎరగరు. "ఒక్కసారి సముద్రం మధ్యనుంచి సూర్యోదయం చూడాలిరా" అని ఆవిడ అన్నారుట. దానికోసమే ఇదంతా. ఓడ గురువారం సాయంకాలం బయలుదేరుతుంది. వారి ఆయన లెక్క ఏమంటే, గురువారం పొద్దున్నే రైలు దిగుతాం, మధ్యాహ్నం ఓడ ఎక్కుతాం, గది అద్దె మిగులుతుంది. ఈవిడ లెక్క ఏమంటే, మంగళవారమే వెళ్ళి రెండు రోజులుండి బొంబాయి చూసుకుని ఎక్కాలి. తీర్పు చెప్పమని నన్నడిగారు.

ఇద్దరి మధ్యా నిలబడే తీర్పు చెప్పక తప్పదు. ఒక్క రాత్రి చాలు. కాని ఆ ఒక్క రాత్రీ తప్పనిసరి.

వారి ఆయన లెక్కలో తప్పు కూడికలో లేదు. రైలూ ఓడా ఒక్క జాతివే అనుకోవడంలో వుంది. రైలు ఆలస్యమైతే మరో రైలు వుంటుంది, బతిమాలితే టి.టి.ఇ. గారు ఎక్కడో ఒకచోట కూర్చోబెడతారు. ఓడకు ఆ దయ లేదు. పైగా ఓడ కదిలే వేళ వేరు, గేటు మూసే వేళ వేరు. టికెట్టు మీద సాయంత్రం అని వున్నా, మనుషుల్నీ సామాన్లనీ తనిఖీ చేసి లోపలికి పంపడం కొన్ని గంటల ముందే ముగించేస్తారు. గోదావరి జిల్లా నుంచి ముంబయికి ఒక పగలూ ఒక రాత్రీ దాటిన ప్రయాణం. దారిలో ఎక్కడో పట్టాల పని జరుగుతూంటే చాలు, అయిదారు గంటలు అవలీలగా హరించుకుపోతాయి. మిగిలిన గది అద్దె రెండు మూడు వేలు; పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డది రెండేళ్ళ చీటీ. ఇది పొదుపు కాదు, జూదం. అందులోనూ పందెం పెట్టింది అత్తగారి సూర్యోదయాన్ని.

ఇక సోదరి లెక్క. రెండు రోజులు ఎందుకు వద్దంటున్నానంటే, పట్నం చూడ్డమనే పని మొదలుపెడితే దానికి అంతులేదు. పిల్లలు అలిసిపోయి, పెద్దావిడ మోకాళ్ళు వాచి, అందరూ ఓడెక్కగానే పడుకుంటారు. నిద్రపోవడానికి అంత ఖరీదైన పడక ఎందుకు?

కాబట్టి బుధవారం దిగండి. ఎక్కడ దిగుతున్నారో ముందు చూసుకోండి. మన వైపునుంచి వెళ్ళే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ దాకా పోతుంది. అదే మన పెద్దలు వి.టి. అనేది, 1888లో పూర్తయిన ఆ గోపురాల కట్టడం. విశాఖపట్నం నుంచి వచ్చే మరో బండి కుర్లా దగ్గర లోకమాన్య తిలక్ టెర్మినస్‌లోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రేవు చాలా దూరం. టికెట్టు ధరల్లో తేడా లేకపోయినా దిగిన తర్వాత టాక్సీ ఖర్చులో తేడా వుంది. విమానంలో వెళ్ళేవారికీ ఇదే చిక్కు. 2025 అక్టోబరులో నవీ ముంబయి విమానాశ్రయం ప్రారంభమైంది కనక, టికెట్టు మీద "ముంబయి" అన్న మాట చూసి సంతోషించకుండా ఏ విమానాశ్రయమో చదువుకోవాలి. పాత విమానాశ్రయంలో దిగినవారికి మాత్రం ఒక సుఖం కలిగింది. అదే నెలలో భూగర్భ మెట్రో మూడో లైను కఫ్ పరేడ్ దాకా పూర్తయింది. విమానాశ్రయం నుంచి వి.టి. దాకా మనిషికి వంద రూపాయల లోపే వెళ్ళవచ్చు.

ఓడ ఎక్కే చోటు బల్లార్డ్ పియర్. వి.టి. నుంచి రెండు కిలోమీటర్లయినా వుండదు. పూర్వం ఆ రేవులోనే ఒక రైల్వే స్టేషను వుండేది. సీమ నుంచి వచ్చిన దొరలు ఓడ దిగి అటే రైలెక్కి పెషావరు దాకా పోయేవారు. 1944లో ఆ స్టేషను మూసేశారు. ఇప్పుడు రైలుకీ ఓడకీ మధ్య ఆ కాస్త దూరం మన ఖర్చు మీద మనమే దాటాలి.

ఇక్కడే గది సంగతి తేలుతుంది. వారి ఆయన ఫోనులో వెతికి, వసయిలో పద్ధెనిమిది వందలకి గది వుందని చూపించారుట. వసయి ఎక్కడ, బల్లార్డ్ పియర్ ఎక్కడ! ఎన్నో స్టేషన్లు దాటి రావాలి. పొద్దుటి పూట లోకల్ బండ్లన్నీ రేవు వైపుకే జనాన్ని మోసుకొస్తాయి. ఆ బండిలో సూట్‌కేసులతో, పెద్దావిడతో ఎక్కడం మాట అటుంచి, ఎక్కిన తర్వాత దిగడం మన చేతిలో వుండదు. పోనీ టాక్సీ అంటారా, నలుపు పసుపు టాక్సీలో నలుగురికే చోటు. అయిదుగురికి రెండు టాక్సీలు కావాలి, లేదా పెద్ద బండి కట్టించుకోవాలి. అంత దూరానికి దాని బాడుగ గది అద్దెను మించుతుంది. అదే వి.టి. పరిసరాల్లో, ఫోర్టులోనో కొలాబాలోనో, గది మూడున్నర వేలనుకోండి. మర్నాడు రేవుకి రెండు టాక్సీలు కట్టినా వందకి అటూ ఇటూగా తేలిపోతుంది. 2025 ఫిబ్రవరి నుంచి టాక్సీ కనీస ఛార్జీ 31 రూపాయలు మరి. (ఇంత కొద్ది దూరానికి రానని మొహం తిప్పుకునే టాక్సీవాళ్ళు ఇద్దరు ముగ్గురు తగులుతారు. నాలుగోవాడు వస్తాడు.) చవక గది కోసం ఊరి చివరికి పోయేవాళ్ళు గదికి కాదు, దారికి అద్దె కడతారు.

ఆటో ఎక్కుదామనుకుంటారేమో, దక్షిణాన ఆటోలు లేవు. బాంద్రా, శయన్ దగ్గరే వాటి సరిహద్దు. మన వాళ్ళు ఎందరో ఇది తెలియక వి.టి. ముందు ఆటో కోసం నిలబడతారు.

కోణార్క్‌లాంటి బండి తెల్లవారుజామునే చేరుస్తుంది. లాడ్జీలలో గది ఇచ్చేది చాలాచోట్ల మధ్యాహ్నం. మధ్యలో ఆ ఆరేడు గంటలకి ఇంకో రోజు అద్దె కట్టమంటారు. దీనికి రెండు మార్గాలున్నాయి. దిగినప్పటి నుంచి ఇరవైనాలుగు గంటలు లెక్కగట్టే లాడ్జీలు ఇంకా వున్నాయి. గది అడిగే ముందు ఆ మాట అడగండి. రెండోది, స్టేషనులోనే రైల్వేవారి విశ్రాంతి గదులు. రైలు టికెట్టు మీది పి.ఎన్.ఆర్. అంకె వుంటే ముందుగా పుచ్చుకోవచ్చు. ధర తక్కువ, రేవు దగ్గర, చెప్పుకోదగ్గ విలాసాలు లేవు. దొరకడం కష్టం కనక రైలు టికెట్టు ఖాయమైన రోజునే ప్రయత్నించాలి. ఈ మధ్య గూళ్ళ పడకలు కూడా వచ్చాయి. ముంబయి సెంట్రల్ స్టేషనులో 2021 నవంబరులో 48 గూళ్ళు పెట్టారు. తేనెపట్టులో ఈగలా దూరి పడుకోవడమే. ఒంటరి కుర్రవాడికి భేషుగ్గా వుంటుంది. అత్తగారిని గూట్లోకి ఎక్కించే సాహసం మాత్రం ఏ కోడలూ చెయ్యకూడదు.

ఓడకు ముందు బొంబాయిలో బస చేసినవారిలో ఒక పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడి కథ చెప్పాలి. 1888లో ఇంగ్లండు వెళ్ళి బారిష్టరు చదవాలని రాజకోట నుంచి వచ్చాడు. వర్షాకాలంలో సముద్రం మంచిది కాదని ఎవరో చెప్పగా, అన్నగారు జంకి, తమ్ముణ్ణి స్నేహితుల ఇంట్లో వుంచి, దారిఖర్చుల సొమ్ము బావగారి దగ్గర దాచి వెళ్ళిపోయాడు. ఈలోగా కులపెద్దలు సభ చేసి కుర్రవాణ్ణి వెలివేశారు. వాడికి సాయపడినా, రేవు దాకా వెళ్ళి సాగనంపినా రూపాయి పావలా జుల్మానా అన్నారు. తీరా ఓడ ఖాయమయ్యేసరికి, కులానికి భయపడి బావగారు సొమ్ము ఇవ్వనన్నారు! ఆ కుర్రవాడు మరో స్నేహితుడి దగ్గర అప్పు చేసి టికెట్టు కొనుక్కుని సెప్టెంబరు 4న ఓడెక్కాడు. ఆయనే గాంధీగారు. ఆత్మకథలో ఇదంతా రాసుకున్నారు. ఆ బస వారాల తరబడి సాగకపోతే సభ జరిగేదో లేదో! బస ఎంత పొడుగైతే చిక్కులంత పొడుగన్నది నా అనుమానం. దారిఖర్చు ఎవరి దగ్గర వుంచాలన్నది మాత్రం అనుమానం లేని సంగతి. ఆ సోదరి దాన్ని తన దగ్గరే వుంచుకోవాలని నా సలహా. వారి ఆయన ఈ వాక్యం చదవకపోయినా ఫరవాలేదు.

ఇక బుధవారం పగలు. మధ్యాహ్న భోజనానికి మాటుంగా వెళ్ళండి. దక్షిణాదివాళ్ళు తరాలుగా స్థిరపడిన పేట అది. ఉడిపివారి అన్నం, సాంబారు, రసం పిల్లలకీ పెద్దావిడకీ కూడా పడతాయి. లోకల్ బండిలో మనిషికి అయిదో పదో రూపాయలు. మధ్యాహ్నమే ఎందుకంటున్నానంటే, సాయంత్రం ఆఫీసులు వదిలాక జనమంతా రేవు వైపునుంచి ఉత్తరానికి పోతారు. రాత్రి భోజనానికని ఆరు గంటలకు బయలుదేరితే ఆ ప్రవాహంలో మునిగిపోవాల్సిందే. మధ్యాహ్నం వెళ్ళి నాలుగింటికల్లా తిరిగి వచ్చేస్తే కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది. దారిలో బైకుల్లా దగ్గర దిగనక్కర్లేదు గాని, ఆ చుట్టుపక్కల కామాఠిపురా అన్న పేట పేరు మన తెలుగు కూలీలదే. కట్టడం పనులకి వెళ్ళిన కామాఠీల పేరు అది. ఆ ఊరిని కట్టినవాళ్ళలో మనవాళ్ళూ వున్నారు.

ఎలిఫెంటా గుహలు చూడాలని పిల్లలు అడుగుతారు. ఆ పడవ ప్రయాణం, నూటికి పైగా మెట్లు, మళ్ళీ పడవ. మర్నాడంతా సముద్రం మీదే వుండబోయేవాళ్ళకి ఆ ముచ్చట అనవసరం. గురువారం పొద్దున్న అయితే అసలు తలపెట్టవద్దు. తిరుగు పడవ ఆలస్యమైతే ఆ ద్వీపం నుంచే మీ ఓడ వెళ్ళడం చూస్తూ నిలబడాలి. పైసా ఖర్చులేనివి చాలా వున్నాయి. లాబర్నం రోడ్డులో గాంధీగారు 1917 నుంచి 1934 వరకు బొంబాయి వచ్చినప్పుడల్లా దిగిన మణిభవన్ వుంది. చీకటి పడ్డాక మెరీన్ డ్రైవ్ గట్టు వుంది. అత్తగారు ఆ గట్టు మీద కూర్చుని కాళ్ళు చాచుకోవచ్చు, ఎవరూ లెమ్మనరు.

గురువారం పొద్దున్న గది ఖాళీ చెయ్యమంటారు. ఓడలోకి రానిచ్చేది తర్వాతెప్పుడో. సామాను లాడ్జీ గుమస్తా దగ్గర వదలవచ్చు, లేదా స్టేషను క్లోక్ రూములో పెట్టవచ్చు. అక్కడ తాళం లేని పెట్టె పుచ్చుకోరు. గోనెసంచికి తాళం ఎలా వేస్తారో నాకు తెలియదు కనక, గోనెసంచి తీసుకెళ్ళవద్దు. ఓడ గేటు దగ్గర పెద్ద పెట్టెలు తీసుకుని చీటీ కట్టి లోపలికి పంపుతారు. అవి మీ గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అత్తగారి బి.పి. మాత్రలు, అందరి ఆధార్ కార్డులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే వుండాలి. ఇస్త్రీపెట్టె, కుక్కరు వంటివి ఓడలో రానివ్వరు. ఆవకాయ సీసా గురించి ఉత్తరంలో ప్రత్యేకంగా అడిగారు. ఓడలోనే మూడు పూటలా భోజనం ఇస్తారు, బయటి తిండి ఒప్పుకోరు. ఆవకాయని రైల్లోనే పూర్తి చెయ్యండి.

తిరుగు ప్రయాణం సంగతి ఆవిడ రాయలేదు. ఓడ రేవుకి వచ్చే వేళకీ రైలు కదిలే వేళకీ మధ్య సగం రోజైనా ఎడం వుంచుకోవాలి. అప్పుడు మాత్రం గది అక్కర్లేదు. సామాను క్లోక్ రూములో వేసి, అందరూ ఒక పూట ఎక్కడైనా కూర్చుంటే చాలు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు పర్సు కూడా బోడి మల్లయ్యే అవుతుంది కనక, ఆ పూట టిఫిన్లకి, టాక్సీకి అని ఒక వెయ్యి రూపాయలు విడిగా కవరులో పెట్టి, ఆ కవరు అత్తగారికి ఇవ్వండి. ఆవిడ దగ్గరైతే ఎవరూ అడిగి తీసుకోలేరు.