గోడల మధ్య కొలతకే ధర కట్టాలి!

హైదరాబాద్‌లో కిరాయి ఇళ్లలో ఉంటూ, ఓ సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటైనా కొనుక్కోవాలా వద్దా అని లెక్కలు వేసుకుంటున్న అక్కలారా, అన్నలారా!

చిన్న ఇల్లు కొనడంలో తక్కువతనం ఏమీ లేదు. "కొంటే పెద్దదే కొనాలి, లేకుంటే చుట్టాల ముందు పరువేముంటుంది" అని ఆగిపోయినవాళ్లకు ఏటేటా కిరాయి పెరుగుతూనే ఉంది. ఓనర్ ఖాళీ చేయమన్నప్పుడల్లా పిల్లల బడి మారుతోంది. తెలంగాణ ప్రభుత్వం డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను 560 చదరపు అడుగుల ప్లింత్ ఏరియాతో కట్టించింది. పొందిగ్గా కడితే అంతలోనే రెండు పడకగదులు, హాలు, వంటిల్లు ఇమిడాయి. ముగ్గురున్న ఇంటికి అంతకన్నా చిన్నదైనా సరిపోతుంది. ఇల్లు చిన్నదని వెనకాడకండి. కొలత దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి.

బ్రోచర్‌లో 600 ఎస్ఎఫ్‌టీ అని రాస్తారు. అది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్, వాచ్‌మన్ గది, అన్నిట్లో మీ వంతు అందులో కలిపేస్తారు. లోపలికి వెళ్లి టేపు పట్టి చూస్తే 420 తేలిందనుకుందాం. అడుగు 6,000 చొప్పున మీరు కట్టేది 36 లక్షలు. మీరు తిరిగే నేలకు లెక్కేస్తే అడుగు 8,571 పడింది! పదిహేను వందల అడుగుల ఫ్లాటులో 180 అడుగులు తరిగినా ఎలాగో సర్దుకోవచ్చు. మనకది వంటిల్లు, బాత్‌రూమ్, బట్టలారేసుకునే చోటు అన్నీ కలిపినంత. పైగా చిన్న ఫ్లాట్లు ఒక్కో అంతస్తులో ఎక్కువ ఉంటే కారిడార్ పొడుగవుతుంది, ఆ భారమూ మన మీదే పడుతుంది. మెయింటెనెన్స్ కూడా ఆ 600 అడుగుల మీదే వేస్తే, ఆ ఇంట్లో ఉన్నంతకాలం నెలనెలా కట్టాల్సిందే.

2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, కార్పెట్ ఏరియా అంటే ఏమిటో తేల్చి చెప్పింది. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ అందులోకి రావు. లోపలి అడ్డుగోడలు వస్తాయి. ప్రాజెక్టును రిజిస్టర్ చేయించేటప్పుడు బిల్డర్ ఈ కొలత ప్రకటించి తీరాలి. ప్రభుత్వం కూడా పన్ను దగ్గర దీన్నే చూస్తుంది. హైదరాబాద్‌లో కడుతున్న ఫ్లాటు కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు దాటకపోతే జీఎస్టీ 1 శాతం, దాటితే 5 శాతం. ఖజానాకు పనికొచ్చిన కొలత, జీవితకాలం ఈఎంఐ కట్టే మనిషికి ఎందుకు పనికిరాదు?

ఇంతకన్నా పెద్ద చిల్లు ఇంకొకటుంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాలనీల్లో రెండు వందలు, మూడు వందల గజాల్లో లేచే అపార్ట్‌మెంట్లు అలాగే తప్పించుకుంటున్నాయి. మన స్తోమతకు అందే ఇళ్లు ఎక్కువగా దొరికేదీ ఆ కాలనీల్లోనే. ఈ హద్దును తగ్గించే అధికారం అదే చట్టంలోని 3వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పార్లమెంటు దాకా పోనక్కర్లేదు.

అందుకే అడుగుతున్నాం. చిన్న అపార్ట్‌మెంట్లను కూడా రెరా కిందికి తేవాలి. ప్రకటనలో, బ్రోచర్‌లో, అగ్రిమెంట్‌లో అడుగు ధర కార్పెట్ ఏరియా మీదే రాయాలి. "మరి మెట్లు, లిఫ్టు ఊరికే వస్తాయా?" అని బిల్డర్లు అడుగుతారు. రావు, నిజమే. ఆ ఖర్చు ధరలో కలుపుకోండి, కొలతలో కలపకండి. అడుగు 8,571 అని ముందే చెబితే పక్క బిల్డింగుతో పోల్చుకుని మేమే తేల్చుకుంటాం.

ప్రభుత్వం కదిలేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో ఒక గదైనా 9.5 చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగులు ఉండాలి, వెడల్పు 2.4 మీటర్లకు, అంటే దాదాపు ఎనిమిది అడుగులకు తగ్గకూడదు. అంతకన్నా ఇరుకైతే మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకోదు. ఎంత చవకైనా ఆ ఫ్లాటు వద్దు. స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో రాయించుకోండి. బిల్డింగు పాతబడ్డాక విలువ నిలిచేది ఆ గజాలకే. రెరా నంబరు లేకుండా ప్రీలాంచ్ పేరుతో తక్కువకిస్తామంటే అటువైపు వెళ్లకండి. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది, ఆ మాట బిల్డర్‌కు గుర్తుచేయండి.

మీ ఎమ్మెల్యేకు, పురపాలక శాఖకు ఈ రెండు కోరికలూ రాసి పంపండి. ఆదివారం సైటు చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు వెంట తీసుకెళ్లండి. కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద రాసి సంతకం పెట్టనివారికి ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వకండి.